కుంఫిణీ: ఒక మాట పూర్వచరిత్ర

ఇంగ్లీషు మాటకు లాటిన్ ధాతువు చూపి, అదే దాని అసలు అర్థమని తేల్చేసే అలవాటు మన విమర్శకుల్లో కొందరికి ఉంది. ఆ పద్ధతి ఎక్కడ బెడిసికొడుతుందో 'కంపెనీ' అనే మాట చూపిస్తుంది.

లాటిన్‌లో 'కుమ్' అంటే కూడా, కలిసి. 'పానిస్' అంటే రొట్టె. ఒకే రొట్టె పంచుకు తినేవాడు 'కంపానియో'. ఇది సిసిరో నాటి గ్రాంథికం కాదు, చాలా తర్వాతి వాడుక. జెర్మన్ తెగల మాటకు అనువాదమని పండితులంటారు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరి తోడు, దండు, చివరకు వర్తకసంఘం అయింది.

మనకూ ఇలాంటి మాట ఉంది: పొత్తు. కలిసి తినటాన్ని పాత కావ్యాలు పొత్తున కుడవటం అన్నాయి. ఇవాళ గుడివాడ బజారులో పొత్తు వ్యాపారం, దివిసీమలో పొత్తు సేద్యం. కంచం దగ్గర పుట్టిన మాట రెండు భాషల్లోనూ లావాదేవీల్లోకి నడిచింది. అయినా మన జనం 'కంపెనీ'ని పొత్తు అనలేదు, కుంఫిణీ అన్నారు. ఎందుకని?

1600లో చార్టరు పొందిన ఆ వర్తకులు 1611లో 'గ్లోబ్' ఓడ మీద బందరు వచ్చారు. డచ్చివారు అప్పటికే ఉన్నారు; వలందపాలెం పేరు వాళ్ళదే. అందరికీ కావలసింది మన బట్ట. ఆ కాలపు కొఠీల్లో ఉద్యోగులు హోదా వరసన ఒకే బల్ల దగ్గర, కంపెనీ ఖర్చు మీద భోంచేసేవారు. అక్షరాలా కంపానియోలే! బట్ట నేసినవాడికీ అద్దినవాడికీ ఆ బల్లతో నిమిత్తం లేదు. వాళ్ళకు దక్కింది బయానా, దాని వెంట బాకీ.

1759లో ఫోర్డు బందరు కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకున్నాక వర్తకుల పేరే సర్కారు పేరయింది. శిస్తు కుంఫిణీది, సిపాయి కుంఫిణీవాడు. 1832-33లో వచ్చిన నందన కరువుకు ఒక్క గుంటూరు మండలంలోనే ఐదు లక్షల జనంలో సుమారు రెండు లక్షలు పోయారు. బందరు సీమా మాడింది. బెజవాడ ఆనకట్ట 1855కు గాని పూర్తి కాలేదు. రొట్టె పంచుకోవటమనే అర్థం ఆ కరువులో ఎవరికి తట్టి ఉంటుంది?

1858లో కుంఫిణీ పాలన పోయింది. అదే మాట మనకు మళ్ళీ నాటకాల కంపెనీగా, మోటారు కంపెనీగా వచ్చింది. 'కాస్త కంపెనీ ఇవ్వండి' అని సాయంత్రం పిలిచే మిత్రుడి నోట లాటిన్ అర్థం కూడా తిరిగొచ్చింది, రొట్టె స్థానంలో గ్లాసుతో!

చారిత్రక నవలలు రాసే మిత్రులు 1830ల నాటి రైతు చేత 'ఈస్టిండియా కంపెనీ' అనిపిస్తున్నారు. దయచేసి అనిపించకండి. పొత్తు అనే మాట అతని దగ్గరుంది. అది పక్కచేను రైతుతో. శిస్తుకు వచ్చేది కుంఫిణీ.