ద్వారకా తిరుమల సీమలో ఇంటి కప్పు: తాటాకు నుంచి సౌర ఫలకం దాకా

ద్వారకా తిరుమల మెట్టలో ఒకప్పుడు ఇంటి కప్పుకు తాటాకు వాడేవారు, దిగువన కొల్లేటి లంకల్లో రెల్లు. రెండూ ఎండను చక్కగా ఆపేవి. గాలివానకూ నిప్పుకూ మాత్రం నిలిచేవి కావు. కొన్నేళ్లకొకసారి మళ్లీ నేయించక తప్పేది కాదు. కలిగినవాళ్లు కుమ్మరులు కాల్చిన గూన పెంకు పరిపించేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల కింద వరి విస్తరించాక డెల్టాలో పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు పెరిగాయి. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టింది. గాడిలో గాడి కూర్చునే ఆ బల్లపరుపు పెంకు తర్వాతి కాలంలో తెలుగు జిల్లాలకూ వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో సిమెంటు రేకులు, కాంక్రీటు డాబాలు వ్యాపించాయి. డాబా తుపానుకు తట్టుకుంటుంది కానీ, పగలు తాగిన వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. ఫ్యాన్ల మీదా ఏసీల మీదా ఆధారపడటం పెరగడంలో ఈ కప్పు పాత్ర చిన్నది కాదు.

సౌర ఫలకాలకు బాగా కుదిరింది కూడా డాబాయే. వాటి మూలమైన సిలికాన్ సెల్‌ను 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ప్రదర్శించింది. ద్వారకా తిరుమల దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కనుక, ఫలకాన్ని దక్షిణానికి ఇంచుమించు అంతే వాలులో నిలపాలి. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల చోటు పడుతుంది. రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. ఫలకాల నీడన స్లాబు కూడా చల్లబడుతుంది.

రేకుల ఇంటిది వేరే చిక్కు. మనిషి ఎక్కితే సిమెంటు రేకు పగులుతుంది, బోల్టు దిగినచోట వాన కారుతుంది. దీనికి జవాబు రేకుల పరిశ్రమ నుంచే రావడం గమనించదగ్గది. హైదరాబాదు కేంద్రంగా సిమెంటు రేకులు చేసే విశాక ఇండస్ట్రీస్, సిమెంటు బోర్డులోనే సెల్స్ అమర్చి ‘ఆటమ్’ పేరుతో సౌర కప్పు తెచ్చింది. రేకు బదులు దాన్నే పరుస్తారు. అమెరికాలో టెస్లా 2016లో సౌర పెంకును ప్రకటించింది. ఇలాంటి కప్పులన్నిటికీ వేడే ప్రధాన శత్రువు: కింద గాలి ఆడకపోతే సెల్ కాగుతుంది, 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ దిగుబడి అర శాతం దాకా తగ్గుతుంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లకు, ఆపైన రూ.78,000 రాయితీ ఇస్తుంది. ఫలకాలు మోయగల కప్పున్న సొంత ఇల్లు ఉండాలన్నది షరతు. పూరిళ్లవాళ్లు అక్కడే ఆగిపోతారు. అర్హులకు ఏలూరు ప్రాంతంలో విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ నెట్ మీటరు బిగిస్తుంది. పగలు మిగిలిన కరెంటు లైనులోకి వెళ్తుంది, ఆ యూనిట్లను ఇంటి వాడకం లెక్కలోంచి తగ్గిస్తారు.