బర్గూరు సీమ తిరునాళ్లు

మదరాసునుండి బెంగుళూరునకు పోవు రాజమార్గముపై వాణియంబాడి దాటి, కృష్ణగిరి చేరకముందు బర్గూరు తగులును. బయటివారికి ఈ యూరు రెండు కారణములచేత తెలియును. ఒకటి బట్టల అంగళ్లు. రెండవది, 1991 శాసనసభ ఎన్నికలలో జయలలితగారు ఇచ్చటినుండి గెలిచి తొలిసారి ముఖ్యమంత్రి యగుటయు, 1996లో ఇచ్చటనే ఓడుటయు. మేము చెప్పబూనినది ఆ రెంటిని గూర్చి కాదు. చేనును ఎద్దును నమ్ముకొని బ్రదికిన తెలుగు కుటుంబములు ఏడాది పొడుగున ఏ పండుగలకు కూడుచుండిరో, ఏ యూళ్లకు బండ్లు కట్టుకొని పోవుచుండిరో, ఆ ముచ్చట. మన పూర్వులనుగూర్చి శాసనములు చెప్పునది స్వల్పము. తిరునాళ్లు చెప్పునది మెండు. కాని తిరునాళ్లను చరిత్రగా చదువుట మనకింకను అలవాటు కాలేదు.

ఈ సీమకు బారామహలని పేరు. పండ్రెండు కోటల నాడని దాని కర్థము చెప్పుదురు. ఆ పండ్రెండు కోటలేవో చెప్పు జాబితాలు మాత్రము ఒకదానితో నొకటి పొసగవు. విజయనగర రాజ్యము పెనుగొండకు తరలిన పిమ్మట, ఆ దుర్గమును బిజాపూరు సేనలనుండి కాపాడిన జగదేవరాయలకు ఈ నాడు లభించినదని ప్రతీతి. బర్గూరు దాపుననున్న జగదేవి అను గ్రామము ఆయన పేరు మోయుచున్నది. తరువాత మైసూరువారు వచ్చిరి. 1792లో శ్రీరంగపట్టణపు సంధిచేత టిప్పు ఈ సీమను కుంఫిణీవారికి విడిచెను. కెప్టెన్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో చేరి, రైతు పేర చేను కొలిచి శిస్తు కట్టు పద్ధతికి ఇచ్చటనే శ్రీకారము చుట్టిరి. రాయలసీమలో మండ్రోలయ్యగా పేరొందిన దొరకు రైతును గూర్చిన అక్షరాభ్యాసము మన మెట్టచేలలో జరిగినదన్నమాట!

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు ననుసరించి సరిహద్దు సవరింపబడినపుడు సేలము జిల్లాలోని కొన్ని గ్రామములు ఆంధ్రకు పోయెను. బర్గూరు మదరాసు రాష్ట్రముననే నిలిచెను. ఆ మీదట జిల్లా పేరు 1965లో ధర్మపురి యయ్యెను. 2004లో కృష్ణగిరి యయ్యెను. కచేరీలో ఏ పేరు వ్రాసినను కుప్పమునకును బర్గూరునకును నడుమ వియ్యములు ఆగలేదు.

ఇక పండుగల మాట. ఇది మెట్ట సీమ. రాగి, వేరుసెనగ, ఉలవ ఇచ్చటి పాత పంటలు. మామిడితోట ఇపుడు వానిని మించినది. రాగి కోత ముగిసి ధాన్యము ఇల్లు చేరువేళకు సంక్రాంతి వచ్చును. అప్పటినుండి తొలకరివరకు మెట్టరైతునకు తీరిక. మన పెద్ద వేడుకలన్నియు ఈ తీరికలోనే యిమిడియున్నవి. ఏ దేవునికి ఏ తిథి ప్రీతికరమో శాస్త్రము చెప్పవచ్చును గాక, తిరునాళ్లకు ముహూర్తము పెట్టినది మాత్రము చేనేయని మా అభిప్రాయము.

కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, పొంగలి పెట్టుదురు. అదిమొదలు నెలా రెండునెలలు ఊరూర ఎద్దుల పండుగ. కొన్ని యూళ్లలో కొమ్ములకు అలంకరించిన పలక కట్టి విడుతురు. పడుచువారు దానిని లాగుకొనవలెను. కొన్ని యూళ్లలో ఎద్దు నిర్ణీతదూరమును ఎంత వడిగా పరుగిడెనో లెక్కింతురు. బర్గూరు ఎద్దులనగానే ఎఱ్ఱని మేన తెల్లని మచ్చలు గల పేరుమోసిన జాతి తలపునకు వచ్చును గాని, అది ఈరోడు జిల్లా అందియూరు పైనున్న బర్గూరు కొండలది. మన బర్గూరుది కాదు. ఈ పొరపాటు చదువుకొన్నవారును చేయుచుందురు. 2014 మే 7న సుప్రీంకోర్టు ఈ ఆటలను నిషేధించెను. 2017 జనవరిలో తమిళనాడు శాసనసభ చట్టమును సవరించినపుడు జల్లికట్టుతోపాటు ఎద్దులను విడుచు మన పండుగ పేరును కూడ అందు చేర్చిరి. 2023 ఫిబ్రవరి 2న హోసూరు దాపున గోపసంద్రమువద్ద, అనుమతి ఆలస్యమైనదని ఆగ్రహించిన జనము రాజమార్గమును గంటలకొలది అడ్డగించిరి, రాళ్లు రువ్విరి. ఆ పని మెచ్చదగినది కాదు. ఆ ఏడు మే 18న సుప్రీంకోర్టు సవరణచట్టము చెల్లునని తీర్పు చెప్పినది.

ఊరు దాటి పోవు ప్రయాణములు కొలదియే. హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరుని తేరు మార్చి ప్రాంతమున కదలును. కుప్పములో తిరుపతి గంగమ్మ జాతర మే నెలలో జరుగును. పెరటాసి శనివారములందు ఇంట గోవిందనామములు పలికి, ఆ మ్రొక్కుతో తిరుమలకు పోవువారు కలరు. 1905లో తిరుపత్తూరునకును కృష్ణగిరికిని నడుమ చిన్న రైలు వేసిరి. రెండవ ప్రపంచయుద్ధపు నాళ్లకే అది లేకుండ పోయెను. 1957లో పెన్నయారుపై కృష్ణగిరి ఆనకట్ట వెలసినది. సుమారు 9 వేల యెకరములకు నీరిచ్చుటకు కట్టిన ఆ కట్ట, ఆడి పదునెనిమిదవనాడు చిత్రాన్నపు మూటలతో వచ్చు సంసారములకు విడిదియు నైనది.

ఇన్నింటిలోను మిన్న యైనది భారతము. ద్రౌపదమ్మ గుడియో ధర్మరాజుల గుడియో ఉన్న యూళ్లలో వేసవియందు పదునెనిమిది దినముల వరకు ఇది సాగును. పగలు పౌరాణికుడు కథ చెప్పును. ప్రొద్దు క్రుంకి అన్నములైన పిమ్మట అదే కథను వీథినాటకముగా ఆడుదురు. కట్టెతో చేసిన భుజకీర్తులు, కిరీటము, అద్దపు తళుకులు, మద్దెల, తాళములు. నడిరేయి దాటినపుడు పిల్లలు చాపలపై నిద్రింతురు, ముసలివారు మాత్రము కనురెప్ప వేయరు. అర్జున తపస్సునాడు వేషధారి నిట్టనిలువు మ్రాను పద్యములు పాడుచు ఎక్కి, కొననుండి నిమ్మపండ్లు, విభూతి విడుచును. సంతానము కోరు స్త్రీలు క్రింద కొంగులు పట్టియుందురు. కడపటినాడు నేలపై మట్టితో దుర్యోధనుని మహాకాయమును తీర్చుదురు. భీముడు తొడ కొట్టగా అందు దాచిన ఎఱ్ఱనినీరు చిందును. ద్రౌపది జుట్టు ముడుచును. ఆ సాయంకాలమే నిప్పులగుండము.

ఈ భారతము తమిళమున నడచు యూళ్లును గలవు, తెలుగున నడచు యూళ్లును గలవు. తెలుగున నడచు చోట తమిళుడు కూర్చుండి వినును, తమిళమున నడచు చోట తెలుగువాడు వినును. దీనికై తగవులాడుట మన సీమ మర్యాద కాదు. కాని యొక సంగతి మరువరాదు. ఇంట తెలుగు వంటకు, పొలమునకు, పోట్లాటకు చాలినంత మాత్రమే వినబడును. సభాపర్వపు సంభాషణ, రాయబారపు పద్యము, విదురుని నీతి — ఈ పెద్ద తెలుగు మెట్టరైతు బిడ్డ చెవిని పడినది ఈ నాటకపు రాత్రులలోనే. బడికి పోనివానికి ఇదియే బడి. పోయినవానికి రెండవ బడి.

మొదటి బడి సన్నగిలినది. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన చట్టము వలన తమిళము ఒకటవ తరగతినుండి ఏటేట ఒక్కొక్క మెట్టుగా అనివార్యమై, 2015–16 నాటికి పదవ తరగతికి చేరెను. మైనారిటీ భాషల విద్యార్థులు కోర్టుల కెక్కి ఆ పరీక్షనుండి మినహాయింపులు పొందిరి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరియొక యేడాది పొడిగించెను. తమిళము నేర్వవలెననుటలో మాకు ఏ ఆక్షేపణయు లేదు. మన యింట నేర్వనివాడును లేడు. నష్టము మరియొక చోట నున్నది. నేడు ధర్మరాజు వేషము కట్టదలచిన పడుచువానికి తెలుగు మాట వచ్చును, తెలుగక్షరము రాదు. పద్యమును వానికి తమిళలిపిలో వ్రాసి యీయవలెను. ఆ లిపిలో క, గ లకు ఒకే అక్షరము, ప, బ లకు ఒకే అక్షరము. గదయో కథయో వ్రాతనుబట్టి వానికెట్లు తెలియును? పాడి చూపు గురువు ప్రక్కన నున్నంతవరకు చిక్కులేదు. ఆయన వెడలిన మరునాటినుండి ఆ కాగితము మూగది.

ఈ సంచిక చదువు కుటుంబములలో నాటకపు గురువుల యింటివారు కొందరైన నుండకపోరు. అటుకమీద, పెట్టెలలో, చేవ్రాత పుస్తకములు కొన్ని మిగిలి యుండును. పురుగు తినకముందు వానిని దించి, ఒక్కొక్క పుటకు ఛాయాచిత్రము తీయించి, ఆ పద్యమును గురువుచేత పాడించి యంత్రమునకెక్కించి, రెంటిని ఒకచోట నుంచవలసినదని కోరుచున్నాము. ఏ యూరి పుస్తకమో, ఏ యేట వ్రాసినదో, ఎవరు ఏ వేషము కట్టినారో మొదటి పుటలో గుర్తు పెట్టుట మరువరాదు. వచ్చు వేసవి భారతమునకు ముందే ఈ పని మొదలిడిన, వేషగాండ్రు సాధన చేయు రాత్రులలోనే పాటలు చేజిక్కును.