యాంటీహిస్టమిన్లు: మగత వెనుక చరిత్ర

ముక్కు కారినప్పుడో, ఒంటి మీద దద్దుర్లు లేచినప్పుడో మందుల షాపులో ఒక చిన్న బిళ్ల తెచ్చుకుని వేసుకోవడం మీలో చాలామందికి తెలిసిన పనే. కొన్ని బిళ్లలు వేసుకుంటే తరగతిలో కూర్చోగానే కళ్లు మూతలు పడతాయి. కొన్నిటితో అంతగా మగత రాదు. ఈ తేడా ఎలా వచ్చింది? మగత లేని మందే క్షేమమైన మందు అని అనుకోవచ్చా? ఇందుకు జవాబు ఈ మందుల చరిత్రలో ఉంది.

‘అలర్జీ’ అనే మాట 1906లో పుట్టింది. వియన్నాకు చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే దాన్ని ప్రయోగించారు. ఆ మరుసటి ఏడే, అలర్జీతో ఏ సంబంధమూ లేకుండా, జర్మనీలో రసాయన శాస్త్రవేత్తలు హిస్టమిన్ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. అది జంతువుల మీద ఎలా పనిచేస్తుందో ఇంగ్లండులో హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్‌లా 1910లో వివరించారు. శ్వాసనాళాలు బిగుసుకుపోయాయి, రక్తపోటు పడిపోయింది. ఈ పదార్థం మన శరీర కణజాలంలో సహజంగానే ఉంటుందని 1927లో డేల్ బృందం రుజువు చేసింది. పుప్పొడి, దుమ్ము వంటివి పడనివారిలో కొన్ని కణాలు దీన్ని ఒక్కసారిగా విడుదల చేస్తాయి. తుమ్ములు, దురద, దద్దుర్లు చాలావరకు దాని పనే.

అయితే దాన్ని అడ్డుకోవడం ఎలా? పారిస్‌లోని పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో డానియల్ బోవే, ఆన్-మరీ స్టౌబ్ 1937లో మొదటి దారి చూపారు. వారు పరీక్షించిన పదార్థం గినీ పందులను హిస్టమిన్ నుంచి కాపాడింది. కానీ మనుషులకు ఇవ్వలేనంత విషపూరితంగా ఉంది. మనుషులకు పనికివచ్చే మందు 1942లో గానీ రాలేదు. 1957లో బోవేకు నోబెల్ బహుమతి లభించింది.

ఈ మందులు హిస్టమిన్‌ను నాశనం చేయవని గుర్తుంచుకోండి. బస్సులో సీటు మీద తువ్వాలు వేసి ఆపినట్లు, కణాల మీద హిస్టమిన్ వచ్చి కూర్చునే గ్రాహకాలను ముందుగా ఆక్రమిస్తాయి. అందుకే తుమ్ములు మొదలయ్యాక వేసుకోవడం కంటే ముందుగా వేసుకుంటే బాగా పనిచేస్తాయి. అలర్జీని అవి నయం చేయవు, లక్షణాలను అణచిపెడతాయి, అంతే.

అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో జార్జ్ రీవ్‌షల్ 1943లో డైఫెన్‌హైడ్రమిన్‌ను తయారుచేశారు. 1946లో అది బెనడ్రిల్ పేరుతో వైద్యుల చేతికి వచ్చింది. దద్దుర్లు తగ్గాయి, రోగులు నిద్రపోయారు. కారణం తర్వాత తేలింది. మెదడులో హిస్టమిన్ మనల్ని మేలుకొని ఉండేట్లు చేసే సంకేతం. ఈ పాత మందులు కొవ్వులో సులభంగా కరుగుతాయి కనుక రక్తం నుంచి మెదడులోకి చొరబడి ఆ సంకేతాన్నీ ఆపేస్తాయి.

ఈ దుష్ప్రభావమే కొన్నిసార్లు కొత్త మందులకు దారితీసింది. 1947లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో దద్దుర్లకు ఇలాంటి మందు వాడుతున్న ఒక గర్భిణి, ట్రాము ఎక్కితే తనకు ఎప్పుడూ వచ్చే వాంతులు ఆగిపోయాయని గమనించింది. ఆ మాటను వైద్యులు కొట్టిపారేయలేదు. సముద్రం దాటుతున్న సైనికుల ఓడలో ఆ మందును పరీక్షించి, ప్రయాణపు వాంతులకు మందుగా నిలబెట్టారు. ప్రోమెథజీన్ అనే మరో యాంటీహిస్టమిన్ రోగులను ప్రశాంతంగా ఉంచడం చూసి ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆన్రీ లబోరి ఆసక్తి చూపారు. ఆ దారిలోనే 1950లో క్లోర్‌ప్రోమజీన్ తయారైంది. మానసిక వ్యాధుల చికిత్సనే అది మార్చివేసింది.

ఇక మగత లేని మందు కోసం వెతుకులాట. టెర్ఫెనడిన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు. 1985లో అమెరికాలో అనుమతి పొంది విపరీతంగా అమ్ముడుపోయింది. 1990లో వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. టెర్ఫెనడిన్ వాడుతున్న 39 ఏళ్ల మహిళ, ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్‌ను వైద్యుణ్ణి అడగకుండా తానే మొదలుపెట్టింది. ఆమె గుండె లయ ప్రమాదకరంగా తప్పింది. మామూలుగా కాలేయంలోని ఒక ఎంజైమ్ టెర్ఫెనడిన్‌ను దాదాపు పూర్తిగా మరో పదార్థంగా మార్చివేస్తుంది. కీటోకొనజోల్ ఆ ఎంజైమ్‌ను ఆపేసింది. మారకుండా మిగిలిన మందు గుండె మీద పడింది. ఎరిత్రోమైసిన్ అనే సాధారణ యాంటీబయాటిక్‌తోనూ ఇదే ముప్పు అని తేలింది. 1998లో టెర్ఫెనడిన్ అమెరికా మార్కెట్ నుంచి తప్పుకుంది. కాలేయం తయారుచేసే ఆ ‘మరో పదార్థమే’ నేటి ఫెక్సోఫెనడిన్. అందులో ఆ గుండె ముప్పు లేదు. దాన్ని పళ్లరసంతో మింగితే ఒంటికి పట్టేది తగ్గుతుంది, నీళ్లతోనే వేసుకోవాలి.

పాత మందు కళ్లు మూసి తన సంగతి తానే చెప్పింది. కొత్తది ఏమీ చెప్పలేదు. నా దృష్టిలో ఈ చరిత్రలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే.

మన దేశంలో క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్ వంటి పాత మందులు ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉన్నాయి. 1945 నాటి ఔషధ నియమాల్లోని ‘జి’ షెడ్యూలులో ఇవి చేరి ఉన్నాయి. వైద్యుని పర్యవేక్షణ లేకుండా తీసుకోవడం ప్రమాదమని ఆ షెడ్యూలులోని మందుల లేబులు మీద ముద్రించాలి. అట్ట మీది ఆ చిన్న అక్షరాలను మీరెప్పుడైనా చదివారా? జలుబు బిళ్లల్లో, దగ్గు సిరప్పుల్లో క్లోర్‌ఫెనిరమిన్ తరచు కలిసి ఉంటుంది. బిళ్లా సిరప్పూ రెండూ వాడితే ఒకే మందు రెండింతలు కావచ్చు. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని లేబులు మీద రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు.

పాత రకం వేసుకున్న రోజున బండి నడపకూడదు. మద్యం, నిద్రమాత్రలు దాని మత్తును పెంచుతాయి. కొత్త రకమే అయినా సెటిరిజిన్‌తో కొందరికి మగత వస్తుంది. గ్లకోమా ఉన్నవారు, ప్రొస్టేటు పెరిగి మూత్రం ఇబ్బందిగా వచ్చే పెద్దవారు పాత మందులను వైద్యుణ్ణి అడగనిదే ముట్టకూడదు. మీరు ఇప్పటికే వేరే మందు వాడుతుంటే ఆ సంగతి షాపులో ముందుగా చెప్పండి.

ఒక సందర్భంలో మాత్రం ఈ బిళ్లను నమ్ముకోరాదు. వేరుశనగ తిన్నాకనో, తేనెటీగ కుట్టాకనో గొంతు వాచి, ఊపిరి అందక, కళ్లు తిరుగుతుంటే అక్కడ పనిచేస్తున్నది హిస్టమిన్ ఒక్కటే కాదు, మరెన్నో పదార్థాలు. బిళ్ల పనిచేసేదాకా ఆగే వ్యవధి కూడా ఉండదు. అప్పుడు కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్. మనిషిని పడుకోబెట్టండి, ఊపిరి అందకపోతే కూర్చోబెట్టండి. నడిపించకుండా 108కు ఫోను చేయండి.