హుప్పా కింద వెలుగు: యూదుల పెళ్లి ఫొటోల చరిత్ర

పందొమ్మిదో శతాబ్దపు యూదుల పెళ్లి ఫొటోలుగా నేడు మ్యూజియాల్లోనూ కుటుంబాల ఆల్బముల్లోనూ కనిపించేవాటిలో చాలావరకు పెళ్లి జరుగుతుండగా తీసినవి కావు. వధూవరులు పెళ్లికి కొన్నాళ్ల ముందో తరువాతో స్టూడియోకు వెళ్లి, బొమ్మలు వేసిన తెర ముందు కదలకుండా నిలబడి తీయించుకున్నవి. యూదుల వివాహం హుప్పా కింద, అంటే నాలుగు కర్రలకు వస్త్రం కట్టి నిలిపిన పందిరి కింద జరుగుతుంది. తూర్పు ఐరోపా యూదులు, సంతానం నక్షత్రాల్లా లెక్కకు మించి వృద్ధి చెందాలన్న కోరికతో, ఈ పందిరిని ఆరుబయట, తరచుగా చీకటి పడ్డాక నిలిపేవారు కాబట్టి అక్కడి వెలుతురు ఆనాటి కెమెరాల గాజు ఫలకాలకు చాలేది కాదు. 1887లో జర్మనీలో మెగ్నీషియం మెరుపుపొడి వచ్చినా, పొగతోనూ నిప్పురవ్వలతోనూ మండే ఆ పొడిని జనం కిక్కిరిసిన పందిరి దగ్గర వెలిగించడం క్షేమం కాదు. విగ్రహాలను చేయరాదన్న ధర్మశాస్త్ర నిషేధం ఫొటోలకు అడ్డుపడిందని కొందరు భావిస్తారు గాని, ఫొటో తీయించుకోవడానికి ఇష్టపడని రబ్బీలు, అనగా మతగురువులు, కొందరు ఉన్నప్పటికీ, సాధారణ యూదు కుటుంబాలు స్టూడియోలకు ధారాళంగానే వెళ్లాయి. షబ్బాత్ నాటి ఫొటోలను మాత్రం శాస్త్రం గట్టిగా అడ్డుకుంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి నక్షత్రాలు కనిపించేవరకు సాగే ఆ విశ్రాంతి దినాన పెళ్లిళ్లూ జరగవు.

కెమెరా చేరలేని పందిరిని మొదట చిత్రకారుడు చేరుకున్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడిన మొరిట్స్ డానియల్ ఓపెన్‌హైమ్ (1800–1882) పాతకాలపు యూదు కుటుంబ జీవితాన్ని వరుస చిత్రాలుగా వేశాడు. వాటిలో పెళ్లి చిత్రం కూడా ఉంది. రంగుల చిత్రాలను ఆనాటి కెమెరా సరిగా పట్టలేకపోవడంతో అతడు వాటిని బూడిదరంగు ఛాయల్లో మళ్లీ వేయగా, వాటి ఫొటో ప్రతులు 1866 నుంచి ఆల్బముగా వెలువడి జర్మనీ యూదుల ఇళ్లకు చేరాయి. ఆ విధంగా ఫొటో తొలుత మోసుకువచ్చింది కళ్లముందు జరుగుతున్న పెళ్లిని కాదు, అప్పటికే కనుమరుగవుతున్న పాత పెళ్లి జ్ఞాపకాన్ని.

1881–1914 మధ్య సుమారు 20 లక్షల మంది యూదులు తూర్పు ఐరోపాను విడిచి వలసపోయారు, వారిలో అత్యధికులు అమెరికా చేరారు. చెల్లెలి పెళ్లికి రాలేని అన్నకు, మనవరాలిని చూడని అవ్వకు ఫొటోయే ఉత్తరం. లిథువేనియాలోని ఎయ్షిషోక్ అనే చిన్న పట్టణంలో యిత్స్‌హాక్ ఉరి కట్స్, అతని భార్య ఆల్టె కట్స్ నడిపిన స్టూడియో ఇటువంటి ఉత్తరాలను తయారుచేసిన చోటు. 1941 సెప్టెంబరులో నాజీ దళాలు, వారి స్థానిక సహాయకులు రెండు రోజుల్లో ఆ పట్టణపు యూదులను, చుట్టుపక్కల గ్రామాల యూదులతో కలిపి, దాదాపు అందరినీ చంపివేశారు. కట్స్ దంపతుల మనవరాలైన చరిత్రకారిణి యాఫా ఎలియాక్, బతికి బయటపడినవారి దగ్గరా దేశాంతరాల్లోని బంధువుల ఇళ్లలోనూ మిగిలిన ఫొటోలను ఏళ్ల తరబడి వెదకి పోగుచేసింది. 1993లో వాషింగ్టన్‌లో ప్రారంభమైన హోలోకాస్ట్ (నాజీల యూదు సంహారం) స్మారక మ్యూజియంలోని ముఖాల గోపురంలో వాటిలో సుమారు 1,000 ఫొటోలు పలు అంతస్తుల ఎత్తున గోడల నిండా ఉన్నాయి. వార్సాలో స్టూడియో నడిపిన రచయిత ఆల్టెర్ కాచిజ్నె విషయమూ ఇంతే: 1941లో అతడు హత్యకు గురయ్యాడు, స్టూడియోలోని నెగటివ్‌లు నాశనమయ్యాయి, న్యూయార్క్‌లోని యిడ్డిష్ భాషా పత్రిక ఫోర్వెర్ట్స్‌కు పంపిన ఫొటోలు మాత్రం దక్కాయి. ఇంట్లో దాచుకున్నది పోయి, దూరానికి పంపినది మిగలడం ఈ చరిత్రలో అన్నిటికంటె బాధాకరమైన నిజం.

రెండో ప్రపంచ యుద్ధానంతరం జర్మనీలోని శరణార్థి శిబిరాల్లో పెళ్లిళ్లు వెల్లువలా జరిగాయి. పారాచూట్ గుడ్డతో కుట్టిన ఒకే తెల్లగౌనును పలువురు పెళ్లికూతుళ్లు ధరించిన సందర్భం ఉంది. ఆ శిబిరాల పెళ్లి ఫొటోల్లో వధూవరుల చుట్టూ నిలబడినవారంతా దాదాపు వారి ఈడువారే. తల్లిదండ్రులు నిలబడవలసిన చోట స్నేహితులు నిలబడి ఉంటారు.

ఇక పందిరి దగ్గరి వెలుతురు సంగతికి వస్తే, 1930 ప్రాంతంలో వ్యాపించిన ఫ్లాష్ బల్బు పొగ లేకుండా వెలుగునిచ్చింది. దానితో కెమెరా పందిరి దాకా రాగలిగింది, తీసేవాడికి తంతు తెలిసి ఉండవలసిన అవసరమూ దానితోపాటే వచ్చింది. వరుడు రాళ్లు పొదగని ఉంగరాన్ని వధువు కుడిచేతి చూపుడువేలికి తొడుగుతాడు. ఎడమచేతి ఉంగరపువేలి మీద గురిపెట్టి కూర్చున్నవాడికి ఆ క్షణం దొరకదు. గుడ్డలో చుట్టిన గాజుగ్లాసును వరుడు కాలితో తొక్కి పగలగొట్టడం ఒక్క లిప్తలో అయిపోతుంది. వివాహం చెల్లడానికి ఇద్దరు అర్హులైన సాక్షులు ఉంగరధారణను స్వయంగా చూడాలి, ఏ ఫొటో వారికి బదులు కాదు, కాబట్టి ఫొటోగ్రాఫర్ వారి చూపుకు అడ్డు నిలబడరాదు. ఆచారాన్ని కచ్చితంగా పాటించే కుటుంబాల్లో వధూవరులు పెళ్లికి ముందు ఒకరినొకరు తాకరు, కొందరు వారంపాటు చూసుకోరు కూడా. అందువల్ల జంట ఫొటోలు పందిరి తంతు ముగిసి, యిహుద్ అనే ఏకాంత సమయం గడిచాకే తీయాలి. స్త్రీపురుషులు అడ్డుతెరకు ఇరువైపులా వేరువేరుగా నాట్యం చేసే పెళ్లిళ్లలో స్త్రీల వైపుకు మహిళా ఫొటోగ్రాఫర్‌ను కోరడం కూడా ఇందులో భాగమే.

యూదుల పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ను కుదుర్చుకునేవారు కెమెరా ఖరీదు, ఆల్బం అట్ట అడిగేముందు ఉంగరం ఏ వేలికి తొడుగుతారో అడగడం మంచిది. ఎయ్షిషోక్‌లోని కట్స్ స్టూడియోలో ఆ ప్రశ్నకు చోటే లేదు. ఫొటోలు తీసినవారూ ఆ ఊరి యూదులే.