మానసిక వైద్యుడు, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు: రెండు వృత్తుల పుట్టుక

కీల్పాక్, చినవాల్తేరు, ఎర్రగడ్డ. ఈ మూడును స్థలముల పేర్లు. కాని తెలుగువారి నోట ఇవి పరిహాసపు మాటలై చాల కాలమైనది. ఎవడైన కొంచెము వింతగా మాటలాడినచో హైదరాబాదువారు ఎర్రగడ్డ పేరెత్తుదురు; విశాఖవారు చినవాల్తేరు పేరెత్తుదురు. చిత్తూరు సీమ 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనిది గనుక ఇచ్చటి పెద్దలకు కీల్పాక్ పేరే పరిచితము. మూడు చోట్లను ఉన్నవి మానసిక రోగుల ఆసుపత్రులే. ఆ నవ్వు వెనుక దాగినది భయము. ఆ భయము వలననే ఆ ఆసుపత్రి లోపల ఎవరెవరు పనిచేయుదురో, ఎవరి విద్య యేదియో తెలిసికొనవలెనను కోరిక మనకు కలుగలేదు.

నేడు ఏర్పేడు, శ్రీకాళహస్తి ప్రాంతములలో ఇంటర్మీడియట్ ముగించిన బిడ్డ "నేను సైకాలజీ చదివెదను" అన్నచో, "అనగా పిచ్చివాండ్ర డాక్టరా?" అని అడుగు తల్లిదండ్రులు కలరు. ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. సైకియాట్రిస్టు అను మానసిక వైద్యుడును, సైకాలజిస్టు అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడును వేరువేరు ఇండ్ల బిడ్డలు. ఆ ఇండ్లు ఏవియో చూచినగాని వారి తారతమ్యము బోధపడదు.

మానసిక వైద్యుని పుట్టినిల్లు ఆసుపత్రి. సైకియాట్రీ అను పేరును 1808లో జర్మను వైద్యుడు రైల్ కల్పించెను. మద్రాసులో అంతకు పూర్వమే, 1794లో, వాలెంటైన్ కనోలీ అను శస్త్రవైద్యుడు కుంపెనీ ప్రభుత్వము అండతో ఉన్మత్తుల శాల నొకదానిని నెలకొల్పెను. కీల్పాక్ శాల 1871లో తెరువబడినది. ఆనాటి శాలలలో చికిత్స తక్కువ, కాపలా ఎక్కువ. 1912 నాటి ఉన్మాద శాసనమును చదివినచో అందు మేజిస్ట్రేటు కనుపించును, వైద్యుడు కనుపించును, ఆసుపత్రిని తనిఖీ చేయు సందర్శకులు కనుపింతురు. మనస్తత్వ శాస్త్రజ్ఞుని ప్రసక్తి మాత్రము లేదు. ఒక మనిషిని ఆసుపత్రిలో నుంచుటకు సంతకము చేయు బాధ్యత ఆనాడే వైద్యుని మెడకు చుట్టుకొన్నది. 1922లో మన దేశపు ఉన్మత్త శాలలకు మానసిక చికిత్సాలయములను పేరు వచ్చినను ఆ బాధ్యత తొలగలేదు.

మనస్తత్వ శాస్త్రజ్ఞుని పుట్టినిల్లు విశ్వవిద్యాలయము. 1879లో లైప్జిగ్ నగరమున వుంట్ పండితుడు ప్రయోగశాలను స్థాపించుటతో తత్త్వశాస్త్రపు ఒడిలోనుండి ఈ శాస్త్రము నేలకు దిగినది. అచ్చటి పరిశోధకులు రోగులను చూడలేదు. ఆరోగ్యవంతుడైన మనుజుడు ఒక ధ్వనిని విని బదులిచ్చుటకు ఎంత కాలము పట్టును అను ప్రశ్నలతో ప్రారంభించిరి. మన దేశమున కలకత్తా విశ్వవిద్యాలయము 1916లో నరేంద్రనాథ సేన్‌గుప్త నాయకత్వమున ప్రత్యేక శాఖను నెలకొల్పెను. మైసూరులో 1924లో ఎం.వి. గోపాలస్వామి ఆధ్వర్యవమున మరియొకటి వెలసినది. రేడియో గల గృహస్థులు ఈ గోపాలస్వామిని స్మరింపవలసిన కారణము వేరొకటి యున్నది. 1935లో తన ఇంటిలో 30 వాట్ల యంత్రముతో రేడియో కేంద్రమును నడిపి, దానికి 'ఆకాశవాణి' అని పేరు పెట్టిన ఆచార్యుడు ఇతడే! మనస్సును కొలుచు విద్య నేర్చినవాడు మాటను గాలిలోనికి పంపుటకు పూనుకొనెను.

మనస్సును గూర్చిన విచారణ మన సీమకు కొత్త యని ఎవరును అనజాలరు. ఏర్పేడులో మలయాళస్వామి 1926లో వ్యాసాశ్రమమును స్థాపించి, కులభేదము లేక అందరికిని సంస్కృతమును, వేదాంతమును బోధింపించెను. అచ్చట మనోనిగ్రహము ముక్తికి సాధనము. లైప్జిగ్ మార్గమున మనస్సు కొలతకు లోబడు వస్తువు. రెండింటికిని గౌరవము కలదు. అయినను ఆశ్రమమున జరుగు బోధ చికిత్స కాదు. ప్రయోగశాలలోని కొలతయు దానంతట అది చికిత్స కాదు. ఈ సంగతిని మరచుటచేతనే పలువురు రోగులకు కాలము వృథా యగుచున్నది.

ఈ రెండు ఇండ్ల నడుమ రాకపోకలు లేకపోలేదు. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు వైద్యవిద్య నభ్యసించి, పిమ్మట మనస్తత్వ శాస్త్రములో ఎం.ఏ. చేసి, 1921లో డాక్టరు పట్టము పొంది, మరుసటి యేడు భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. ఫ్రాయిడుతో ఆయన జరిపిన ఉత్తర ప్రత్యుత్తరములు ప్రసిద్ధములు. సిరా మరకల పరీక్షను 1921లో ప్రకటించిన రోర్‌షాక్ స్వయముగా మానసిక వైద్యుడు. ఆ పరీక్ష మాత్రము కాలక్రమమున మనస్తత్వ శాస్త్రజ్ఞుల చేతిలోనికి పోయినది. కాని ఇవి వ్యక్తుల ప్రతిభకు సంబంధించిన ముచ్చటలు. ఒక దేశము ఇట్టివారి రాకకై ఎదురుచూచుచు కూర్చుండజాలదు.

1946లో భోర్ సంఘము సమర్పించిన నివేదికలో దేశమంతటి మానసిక చికిత్సాలయములలోని పడకలు పదివేలకు కొంచెము మించి యున్నవని తేలినది. నలుబది కోట్ల జనమునకు ఇంతే! వైద్యులకు శిక్షణ నిచ్చు సంస్థ కావలెనని ఆ సంఘము కోరెను. ఆ కోరిక ఫలించి 1954లో బెంగుళూరున అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడినది. ఎం.వి. గోవిందస్వామి దానికి తొలి అధ్యక్షుడు. అదియే 1974లో నిమ్హాన్స్ అను పేరు దాల్చినది.

నా మతమున మన కథకు కీలకము 1955. ఆ సంవత్సరమున బెంగుళూరు సంస్థ రెండు డిప్లొమాలను ఒకేసారి ప్రారంభించెను. ఒకటి వైద్య పట్టభద్రులకు, రెండవది మనస్తత్వ శాస్త్రములో ఎం.ఏ. చేసినవారికి. గుమ్మము ఒకటే, వార్డు ఒకటే, రోగి ఒకడే. కాని ఇద్దరు విద్యార్థులును ఆ రోగి ఎదుట కూర్చుండి వేరువేరు ప్రశ్నలు వేసిరి. నిద్ర యెట్లున్నది, వంశమున ఈ వ్యాధి యున్నదా, శరీరమున మరియే రుగ్మతయైన కలదా అని ఒకడు. జ్ఞాపకము ఎంతమాత్రము నిలిచినది, ఆలోచన ఎచ్చట చిక్కుపడినది, ఏ అలవాటును ఏది పోషించుచున్నది అని రెండవవాడు. అదే 1955లో సి.ఎం. భాటియా ప్రకటించిన బుద్ధి పరీక్షలలో రంగు దిమ్మెలను పేర్చుట, బొమ్మ ముక్కలను కూర్చుట వంటి పనులుండెను. చదువురాని పిల్లవాని బుద్ధిని కూడ వానితో కొలువవచ్చును.

ఆ కాలమున మందులును వచ్చినవి. 1952లో పారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీను ప్రభావమును ప్రకటించిరి. అంతకు ఇరువది యేండ్లకు పూర్వమే, 1931లో, గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు మన సర్పగంధి వేరు ఉన్మాదమున ఉపకరించునని వ్రాసియుండిరి. మందు చేతికి వచ్చిన పిమ్మట కాపలాదారుగా నుండిన వైద్యుడు నిజమైన వైద్యుడయ్యెను. రోగి వార్డు విడిచి ఇంటికి పోగలిగెను. ఇంటికి పోయినవానికి మరల బ్రతుకు నేర్పువారు కావలసి వచ్చిరి. మనస్తత్వ శాస్త్రజ్ఞునికి పని పెరిగినది అందువలననే.

ఇక నేటి బిడ్డ తెలిసికొనవలసిన లెక్క. మానసిక వైద్యుడగుటకు మొదట నీట్ పరీక్ష, ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర యేండ్లు, హౌస్‌సర్జను ఒక యేడు, ఆపై ఎం.డి. మూడేండ్లు. ఏర్పేడు బిడ్డకు చేరువగా తిరుపతిలో 1960లో వెలసిన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల యున్నది. మనస్తత్వ శాస్త్రమునకు 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ప్రత్యేక శాఖ కలదు. అయితే ఎం.ఏ. పట్టము చేత బట్టుకొని రోగులకు చికిత్స చేయుటకు వీలులేదు. భారత పునరావాస మండలి అంగీకరించిన క్లినికల్ శిక్షణ పొంది, ఆ మండలిలో పేరు నమోదు చేసికొనవలెను. చాల కాలము ఇది రెండేండ్ల ఎం.ఫిల్.గా నడచినది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022లో ఎం.ఫిల్.ను నిలుపుటకు నిర్ణయించినందున పట్టముల పేర్లు మారుచున్నవి. చేరుటకు పూర్వము మండలి అనుమతి యున్నదా యని చూచుకొనుట విద్యార్థి విధి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ శాసనమున క్లినికల్ సైకాలజిస్టు నిర్వచనముతో సహా కనుపించును. 1912లో లేని పేరు నూట అయిదేండ్లకు శాసనమున కెక్కినది. ఆ శాసనమే మరియొక హద్దును గీచినది: తన వృత్తికి చెందని మందును గాని చికిత్సను గాని ఎవరును సూచింపరాదు. ఎవరికిని వినబడని మాటలు తనకు వినబడుచున్నవని బెదరు యువకుని మొదట వైద్యుని వద్దకు కొనిపోవలెను. ఏండ్ల తరబడి మాటలతో కాలము గడుపుట అపచారము. అక్షరములు తారుమారు చేయు బాలునికి మాత్రలు మ్రింగించుట అంతే తప్పు. వానికి పరీక్షయు, ఓపికగల శిక్షణయు కావలెను. దిగులుగా కనుపించు గృహిణికి థైరాయిడ్ గ్రంథి దోషము ఉండవచ్చును. దానిని కనిపెట్టుటకు వైద్యవిద్య కావలెను.

డాక్టరు సీటు రానివారికి సైకాలజీ ఓదార్పు బహుమానమను మాట నేను తరచుగా వినుచున్నాను. ఇది రెండు వృత్తులకును అవమానము. అర్ధరాత్రి పిలుపునకు లేచి, రక్తపరీక్షలు చూచి, మందు మోతాదునకు తానే పూచీపడగలవాడు మొదటి దారిని పోవలెను. ఒక మనిషి మాటను వారములకొలది విని, వాని మార్పును అంగుళము అంగుళముగా కొలుచు ఓర్పు గలవాడు రెండవ దారికి తగును. ఈ రెండవవానికి ఆసుపత్రి ఒక్కటియే కాదు, పాఠశాలయు, కర్మాగారమును పని చూపును. సైన్యమున అధికారుల ఎంపికలో సైతము 1943 నాటి నుండి మనస్తత్వ పరీక్షలకు చోటున్నది.

ఇద్దరిలో ఎవరును చాలినంత మంది లేరు. 2015–16 జాతీయ సర్వే వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో నున్నారని తేల్చినది. వారిలో అధిక సంఖ్యాకులకు చికిత్స అందుటలేదు. 1980ల మధ్యలో నిమ్హాన్స్‌వారు మన పొరుగున తెలుగువారు కూడ నివసించు బళ్లారి జిల్లాలో ప్రాథమిక వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ నిచ్చి చూచిరి. 1996లో ఆరంభమైన జిల్లా పథకమునకు అదియే నమూనా. ఆ పథకపు బృందములో వైద్యుడు, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, సాంఘిక కార్యకర్త, నర్సు కలసి పనిచేయవలెనని నియమము. బెంగుళూరున 1955లో ఒక్క గుమ్మమున జరిగినది జిల్లాకు చేరుటకు నలుబది యేండ్లు పట్టినది.

2022 అక్టోబరు 10న టెలీ మానస్ అను ఉచిత ఫోను సేవ ప్రారంభమైనది. సంఖ్య 14416. మొదట సలహాదారు మాటలాడును. అవసరమైనచో మనస్తత్వ శాస్త్రజ్ఞునికి, వైద్యునికి అప్పగించును. ఇంటిలో ఒకరు నిద్రలేక బాధపడుచున్నప్పుడు ఇద్దరిలో ఎవరి వద్దకు పోవలెనో తెలియని కుటుంబము కీల్పాక్ పేరు తలచి బెదరవలసిన పనిలేదు. పగలైనను రాత్రియైనను, తెలుగులోనే అడుగవచ్చును.