సీమ గడియారము – చాటు బేరము

విజయనగరము నడిబొడ్డున 1885లో నిర్మింపబడిన గంటస్తంభమును చూడనివారు ఉత్తరాంధ్రమున అరుదు. ఎనిమిది పలకలుగా నిలిచిన ఆ కట్టడము క్రిందుగా నడచిపోవు సంస్థానోద్యోగికిని, కూరగాయల గంప మోయు రైతునకును వేళ ఒక్కటియే. ఆ వేళకు వెల లేదు. ఊరందరి సొత్తుగా నుండిన కాలమును ఎవరికి వారు మణికట్టునకు కట్టుకొని తిరుగు దినములు వచ్చుసరికి, నడుమ ఒక విచిత్రమైన సంత వెలసినది. మేలైన విదేశపు గడియారము దుకాణపు ధరకంటె తక్కువకు చేతులు మారు చాటుబేరముల సంత అది. ఇప్పటివారు దీనిని గ్రే మార్కెట్టు అనుచున్నారు. పేరు క్రొత్తదే గాని సంత పాతది. దాని పుట్టుపూర్వోత్తరములను మన సముద్రతీరమున నిలిచి పరిశీలింతము.

గడియారము రాకపూర్వము మన పల్లెలలో కాలము సూర్యునిది. వాకిటి నీడ, కోడికూత, గుడిగంట, ఇవియే కొలతలు. ఇరువది నాలుగు నిమిషములు ఒక గడియ. గడియారమను మాట ఆ గడియతో ముడిపడినదే. శ్రీకాకుళము చెంతనున్న అరసవిల్లి సూర్యదేవాలయమున మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు ఉదయకిరణములు స్వామి పాదములను తాకును. ఆ దర్శనమునకై జనులు నేటికిని చీకటితోనే బారులు తీరుదురు. అట్టి కాలమునకు నిమిషముతో పని లేదు. నిమిషము మనకు రైలుబండితో వచ్చినది. 1890 తరువాతి సంవత్సరములలో తూర్పుతీరపు రైలుమార్గము ఈ సీమగుండ సాగెను. 1906 జనవరి 1వ తేదీనుండి భారతదేశమునకంతకు ఒకే ప్రామాణిక కాలము ఏర్పడినది. అంతకుముందు వాడుకలోనున్న మద్రాసు కాలము దానికంటె సుమారు తొమ్మిది నిమిషములు వెనుక. తొమ్మిది నిమిషములు ఏమరినవానికి బండి తప్పును. ఆ విధముగా, అంతవరకు అలంకారముగానున్న గడియారము అవసరమైనది.

ఐతే ఆ అవసరమును తీర్చు కర్మాగారము మన దేశమున లేదు. గడియారములు స్విట్జర్లాండు మొదలగు దేశములనుండి ఓడలమీద వచ్చుచుండెను. బొంబాయిలో 1886లో వెలసిన వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ వంటి సంస్థలు వాటిని తెప్పించి రైల్వేవారికి, సైనికులకు, ఉద్యోగులకు అమ్ముచుండెను. అందుచేత మనవారి నోట మంచి గడియారమనగా సీమ గడియారమే.

మన తీరవాసులకు సీమ సరకు కంటబడుటకు మరియొక దారి యుండెను. అది రంగము. రంగూనును మనవారు అట్లే పిలిచిరి. నాటి విశాఖపట్టణము, గంజాము, గోదావరి మండలములనుండి వేలాది కూలీలు ఓడలెక్కి, బంగాళాఖాతము దాటి, బర్మాలోని రేవులలోను బియ్యపు మిల్లులలోను పనిచేసిరి. అక్కడివారు వీరిని కోరంగీలనిరి. బర్మా కాలము మన కాలమునకు ఒక గంట ముందు నడచును. రంగమునుండి వచ్చినవాని జేబులో గడియారమున్నచో, రేవులో దిగిన పిదప అతడు మొదట చేయవలసిన పని ముళ్లను ఒక గంట వెనుకకు త్రిప్పుకొనుట.

ఇక్కడ మనము గమనింపవలసిన విషయమొకటి కలదు. 1937 మార్చి 31వ తేదీ వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రము. మరునాటినుండి అది వేరు దేశము. అదే ఓడ, అదే రేవు, అదే కూలి, అదే గడియారము. ఐనను ఒక్క రాత్రిలో ఆ పెట్టెలోని వస్తువు చట్టము దృష్టిలో పరదేశపు సరకైనది. వస్తువులో మార్పు లేదు. పటము మీది గీత మారినది. చాటుబేరమునకు మూలము వస్తువులో లేదు. గీతకు ఈ ప్రక్కను ఆ ప్రక్కను గల వెలల తేడాలో కలదు. తేడా యున్నంతకాలము దానిని దాటించువాడు ఉండును.

స్వాతంత్ర్యానంతరము ఆ తేడా గోడవలె పెరిగినది. 1956-57 నాటికి దేశమునకు విదేశమారకద్రవ్యము కరవయ్యెను. ఆహారధాన్యములకు, యంత్రములకు కావలసిన ద్రవ్యమును చేతిగడియారములకు వెచ్చించుట తగదని ప్రభుత్వము దిగుమతులను లైసెన్సులతో బిగించెను. ఆ నిర్ణయమున న్యాయము లేకపోలేదు. లోటును తీర్చుటకు హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ జపానుకు చెందిన సిటిజెన్ సంస్థ తోడ్పాటుతో 1961లో బెంగుళూరున గడియారముల తయారీ ప్రారంభించెను. హెచ్.ఎం.టి. గడియారము కొన్ని తరములవారి చేతికి అందము తెచ్చినది. కాని కోరువారు పెక్కుమంది, తయారైనవి కొన్ని. కోరిక ఆగలేదు. దారి మాత్రము మారెను.

దొంగరవాణా ఎంత ప్రబలినదో చట్టమే సాక్ష్యమిచ్చుచున్నది. 1962 నాటి కస్టమ్సు చట్టము 123వ విభాగమున బంగారముతోపాటు గడియారములను పేరుపెట్టి చెప్పిరి. సాధారణముగా నేరము మోపినవాడే దానిని రుజువు చేయవలెను. ఈ సరకుల విషయమున ఆ భారము తలక్రిందులైనది. దొంగసరకను సహేతుకమైన నమ్మకముతో అధికారులు గడియారమును పట్టుకొన్నచో, అది దొంగసరకు కాదని దానిని కలిగినవాడే నిరూపింపవలెను. 1974లో కాఫిపోసా చట్టము వచ్చి, దొంగరవాణాదారులను విచారణకు ముందే నిర్బంధించు అధికారము నిచ్చెను.

అదే కాలమున బర్మాలో మనవారి బ్రతుకులు తలక్రిందులాయెను. 1962లో నీ విన్ సైనిక ప్రభుత్వమును స్థాపించెను. 1964లో వర్తకమును జాతీయము చేసెను. తరతరములుగా అక్కడ స్థిరపడిన భారతీయులు లక్షలాదిగా కట్టుబట్టలతో మరలివచ్చిరి. విశాఖపట్టణములో నేటికిని బర్మా క్యాంపు అను పేరు ఆ రాకను గుర్తుచేయును. మద్రాసు రేవు చెంత 1969లో కాందిశీకుల జీవనోపాధికై ఏర్పడిన బర్మా బజారు అచిరకాలముననే విదేశపు సరకులకు పేరుమోసినది. మెయిలుబండిలో మద్రాసు వెళ్లువానికి ఇరుగుపొరుగువారు అప్పగించు పనులలో “ఫారిన్ వాచీ” యొకటి. ఇల్లు కోల్పోయి వచ్చినవానికి అది కూడు, కొనువానికి మోజు, ప్రభుత్వమునకు నష్టము. ఒకే బేరమునకు మూడు ముఖములు.

కొనువాని మోజు వెనుక పెండ్లిపందిరి యుండెను. ఆ దినములలో అల్లునికి గడియారము, సైకిలు, రేడియో పెట్టుట మర్యాదగా మారినది. అలకపాన్పు మీద కూర్చున్న పెండ్లికుమారుడు కోరునది తరచుగా గడియారమే. మా ఇంటి సంగతియే చెప్పెదను. ఆమదాలవలస ప్రాంతమున వ్యవసాయము చేయు మా మాతామహులు, మా అమ్మ వివాహమునకు నాలుగు బస్తాల ధాన్యమమ్మిన సొమ్ముతో ఒక సీమ గడియారము కొనిరి. అమ్మినవాడు తాను ఓడలో పనిచేయుదుననెను. రసీదు అడుగగా నవ్వి, “రసీదు ఉన్నచో ఈ ధరకు ఎందుకిత్తును, బాబూ?” అనెనట. ఆ మాట మా తాతగారికి లాభసూచనగా వినబడినది.

నెల తిరుగకుండ గడియారము ఆగెను. విజయనగరమున మరమ్మతు చేయువాడు వెనుక మూత విప్పి, అద్దము చేతికిచ్చి, లోనికి చూడుమనెను. ముఖముమీది పేరు ఒకటి, లోపలి యంత్రము మరియొకటి. మా నాన్నగారు ఆ సంగతి అత్తవారింట ఎన్నడును చెప్పలేదు. పండుగకు వెళ్లునపుడెల్ల ఆ ఆగిన గడియారమునే కట్టుకొని, వీధి మలుపులో ముళ్లను సరియైన వేళకు త్రిప్పుకొని, లోనికి పోవుచుండిరి. మా తాతగారు దివంగతులైన పిదపనే ఈ కథ మాకు తెలిసినది.

ఈ కథలో మోసపోవుటకంటె విచారకరమైనది మరియొకటి కలదు. మా తాతగారు ఎవరికిని ఫిర్యాదు చేయలేకపోయిరి. ఎవనినుండి కొంటిరని అడిగిన, పేరు తెలియదు. ఏ కాగితమున్నదని అడిగిన, లేదు. పైగా అది నిజముగా సీమ గడియారమే ఐనచో, చట్టము ఆయననే ప్రశ్నించియుండును. తక్కువ ధరకు ఆయన కొన్నది గడియారమును మాత్రమే. దాని గోత్రమును కాదు.

క్రమముగా గోడ తగ్గినది. మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానుకు చెందిన సైకో సహకారముతో 1981లో గడియారములు తెచ్చెను. హోసూరునుండి టైటాన్ గడియారములు 1987లో విపణికెక్కినవి. 1991 తరువాత ఆర్థికవిధానము మారినది. 2001 ఏప్రిల్ 1వ తేదీనాటికి వినియోగ వస్తువుల దిగుమతిపై మిగిలిన పరిమాణపు ఆంక్షలు తొలగినవి. విదేశపు గడియారము పట్టపగలు దుకాణపు అద్దములో వెలుగుచున్నది. హెచ్.ఎం.టి. గడియారముల కర్మాగారములనే 2016లో మూసివేయ నిర్ణయించిరి. మరి చాటుబేరము ముగియవలె గదా? ముగియలేదు. రూపము మార్చుకొన్నది.

మూడు సరకులను వేరువేరుగా గుర్తింపవలెను. సుంకము ఎగవేసి తెచ్చినది దొంగరవాణా సరకు. ఒకరి పేరు చెక్కి మరియొకరు చేసినది నకిలీ. ఈ రెండును నేరములు. మూడవది అసలైన గడియారమే. తయారుచేసిన సంస్థ అమ్మినదే. కాని ఆ సంస్థ నియమించిన వర్తకుని చేతినుండి గాక, వేరొక దారిన కొనువానికి చేరును. ఇదియే నిజమైన గ్రే మార్కెట్టు. ఖరీదైన గడియారముల సంస్థలు దేశమునకొక ధర నిర్ణయించును. వర్తకుడు తగ్గించి అమ్మరాదని కట్టడి చేయును. సరకు మిగిలిపోయిన వర్తకుడు పెట్టుబడి రాబట్టుకొనుటకై దానిని గుట్టుగా ఇతరులకు అమ్మివేయును. వారు దేశము దాటించి తక్కువ ధరకు అమ్ముదురు. ఏ వర్తకుడు వదలెనో తెలియకుండ కొందరు వరుససంఖ్యను గీకివేయుటయు కలదు.

దీనిని ఆపుటకు సంస్థలు చేసిన ప్రయత్నములలో ఒకటి మిక్కిలి చిత్రమైనది. ఒమేగా సంస్థ తన గడియారము వెనుక అతిచిన్న భూగోళచిహ్నమును చెక్కి, ఆ బొమ్మకు గ్రంథకర్తకు వలె స్వామ్యహక్కును నమోదు చేసికొనెను. అమెరికాలోని కాస్ట్‌కో అను అంగడి, ఇతర దేశములలో అమ్ముడైన ఒమేగాలను తెప్పించి, 1,995 డాలర్ల గడియారమును 1,299 డాలర్లకు అమ్మెను. తన బొమ్మను అనుమతిలేక దిగుమతి చేసిరని ఒమేగా వ్యాజ్యము వేసెను. 2010లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు ఒక ప్రక్క, నలుగురు మరియొక ప్రక్క చీలిరి. దానితో ఒమేగాకు అనుకూలమైన క్రింది తీర్పు నిలిచెను. 2013లో పాఠ్యపుస్తకముల దిగుమతిపై అదే న్యాయస్థానము వేరొక తీర్పు నిచ్చుటతో త్రాసు మొగ్గు మారి, 2015లో కాస్ట్‌కో గెలిచెను. న్యాయముగా ఒకసారి అమ్మిన వస్తువు మీద అమ్మినవాని పట్టు ఎంతవరకు ఉండునను ప్రశ్న ఇందులో నున్నది.

మన దేశమున ఢిల్లీ హైకోర్టు 2012లో శాంసంగ్ ప్రింటర్ల విషయమై ఇట్టి ప్రశ్ననే విచారించి, అసలైన వస్తువును వేరు దారిన దిగుమతి చేసి అమ్మవచ్చుననెను. ఐతే ఒక షరతు పెట్టెను. ఈ వస్తువునకు మూలసంస్థ పూచీ లేదనియు, మరమ్మతు బాధ్యత తనదేననియు అమ్మువాడు అంగడిలో స్పష్టముగా తెలుపవలెను. మా తాతగారికి అమ్మినవాడు నవ్వి దాటవేసిన మాటను ఈ షరతు బలవంతముగా చెప్పించుచున్నది.

సంస్థలకు ఈ సంత యెడల ఎంత భయమో మరియొక దృష్టాంతము చెప్పును. స్విట్జర్లాండునకు చెందిన రిష్‌మాంట్ సంస్థ తన గడియారములు చౌకబేరములకు పోకుండుటకై రెండేండ్లలో దాదాపు 40 కోట్ల పౌండ్ల విలువగల సరకును వర్తకులనుండి మరల కొని, విడదీసి నాశనము చేసినట్లు 2018లో వెల్లడియైనది. ధర తగ్గించుటకంటె గడియారమునే చంపుట మేలని తలచిరన్నమాట! ఇది తెలిసిన పిదప, అద్దాల అంగడిలోని ధరయంతయు పనితనమునకేనని మనము నమ్మనక్కరలేదు.

కావున చాటుబేరమునకు పోవువాడు మూర్ఖుడని నేను అనను. వెలలోని తేడా నిజమైనదే. మన ప్రభుత్వమే 2018లో చేతిగడియారములపై సుంకమును 10 శాతమునుండి 20 శాతమునకు పెంచెను. 2025 అక్టోబరు 1వ తేదీన అమలునకు వచ్చిన ఒప్పందము ప్రకారము స్విస్ గడియారములపై సుంకము క్రమముగా తగ్గును. గీతలు మారుచునేయుండును, వాటితో చాటుబేరముల లాభమును మారును. కొనదలచినవాడు మాత్రము తగ్గిన సొమ్ము దేనికి బదులుగా తగ్గినదో లెక్క చూచుకొనవలెను. సుంకము చెల్లించిన ఋజువు కలదా? పన్నుతో కూడిన రసీదు కలదా? వరుససంఖ్య చెక్కుచెదరక యున్నదా? పూచీ సంస్థదా, అంగడివానిదా? రేపు యంత్రము ఆగినచో విప్పువాడెవడు? ఈ ప్రశ్నలకు జవాబిచ్చు వర్తకునివద్ద తక్కువకు కొనుట బేరమే. జవాబునకు బదులు నవ్వు వచ్చినచో, మా తాతగారిని ఒక్కసారి తలచుకొనవలెను.

గంటస్తంభము నేటికిని విజయనగరమున నిలిచియున్నది. ఇంటిలో రేడియో యున్నవారికి వేళ తెలిసికొనుటకు అక్కడికి పోవలసిన పనియు లేదు. వార్తలకు ముందు వినవచ్చు సమయసూచన లక్షల వెలగల ఒమేగాకును, మూలపెట్టెలోని పాత హెచ్.ఎం.టి.కిని ఒక్కటే. మా నాన్నగారి ఆగిన గడియారము ఇప్పుడు నావద్ద నున్నది. దానిని నేను బాగుచేయింపలేదు. మా తాతగారి నాలుగు బస్తాల ధాన్యమును, అల్లుని మౌనమును అందులో భద్రముగా నున్నవి.