పక్షవాత రోగుల దృష్టి పరీక్ష

మెదడునకు రక్తప్రసారము నిలిచిపోవుటచేతనో, రక్తనాళము చిట్లుటచేతనో సంభవించు పక్షవాతము కాలుసేతులనే గాక చూపును సైతము దెబ్బతీయును. రెండు కన్నులలోను ఒకే పార్శ్వమందలి దృష్టిక్షేత్రము లోపించుట, ఒక వస్తువు రెండుగా కనబడుట, ఒక పక్కనున్న సర్వమును మనస్సు విస్మరించుట ఇందలి ప్రధాన లక్షణములు. కంచములో కుడివైపు అన్నము మాత్రమే తిని, ఎడమవైపు ముట్టక విడిచిన రోగిని చూచి ఇంటివారు ఆకలి మందగించినదని తలంతురు. తన లోపము తనకే తెలియకపోవుట ఇందలి విషాదము. మాట పడిపోయినవారు తెలిసినను చెప్పుకొనలేరు. కావున అహర్నిశలు మంచము చెంతనుండు నర్సు అడిగి ఊరకొనక, పరీక్షించియే తెలిసికొనవలెను.

కళ్లజోడు గల రోగి దానిని ధరించెనో లేదో ముందుగా చూచుట, చిన్న విషయమైనను, మరువరానిది. పిమ్మట నర్సు ఎదురుగా కూర్చుండి, రోగి ఒక కన్ను మూయించి, తన ముక్కువైపే చూడుమని చెప్పి, నలుదిక్కులనుండి వ్రేలిని కదల్చుచు తెచ్చి ఎచ్చట కనబడినదో అడుగుట, కనుగ్రుడ్ల చలనము గమనించుట, నాలుగు పంక్తులు చదివించుట, గీచిన గీతకు నడుమ గుర్తు పెట్టుమనుట మొదలగు వానికి విలువైన యంత్రములక్కరలేదు. బ్రిటనునందు లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇట్టి పరీక్షలను 'వీసా' అను పేర ఒకచోట సమకూర్చిరి.

ఇది ప్రాథమిక శోధన మాత్రమే యగుటచే, లోపము తోచిన రోగిని నేత్రనిపుణుని కడకు పంపవలెను. ఆయన పరీక్షించి అనుమతించువరకు అట్టివారు వాహనము నడుపరాదు.